అడగడం, మళ్ళీ అడగడం, అడిగినచోటే తిరగడం: ఏ మాట ఎక్కడ వాడాలి

ఒకసారి చిన్న నిఘంటువు తీసి ‘మనవి’ చూశాను. ‘విన్నపం’ అని ఉంది. సరే కదా అని ‘విన్నపం’ తీశాను. ‘విజ్ఞప్తి’ అని ఉంది. ‘విజ్ఞప్తి’ దగ్గరికి వెళితే ‘మనవి’ అని ఉంది. మూడుచోట్ల పేజీలు తిప్పి, బయల్దేరిన చోటికే వచ్చి పడ్డాను. అడగడానికి సంబంధించిన మాట కోసం పోతే, ఒకే సంగతిని మూడుసార్లు చెప్పి, చుట్టూ తిప్పి, ఇంటికి పంపేశారు. ఈ మార్గదర్శిలోని మూడు విషయాలూ, అంటే అర్జీ, పునరుక్తి (చెప్పిందే చెప్పడం), చక్రకం (చుట్టూ తిరిగి మొదటికే వచ్చే వాదం), ఆ ఒక్క వెతుకులాటలోనే ఉన్నాయి.

ఈ మూడూ ఒకచోట చేరడం కాకతాళీయం కాదు. లాటిన్‌లో ‘పెటెరె’ అంటే కోరి వెళ్ళడం, అందుకోబోవడం, అడగడం. పిటిషన్ అందులోంచే వచ్చింది. ముందు ‘రె’ చేరితే రిపిటిషన్, అంటే మళ్ళీ అందుకోవడం. వాదంలో తేలాల్సిన విషయాన్నే ముందుగా ఇచ్చెయ్యమని అడగడానికి ‘పెటీషియో ప్రిన్సిపియి’ అని పేరు పెట్టారు. అక్కడ మూడింటినీ కలిపింది అడగడం.

తెలుగు దారి వేరు. మనం ‘మళ్ళీ’ అన్నా, ‘మరల’ అన్నా, ‘తిరిగి’ అన్నా లోపల ఉన్నది ఒకటే పని: మళ్ళడం, మరలడం, తిరగడం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘ఆవృత్తి’, ‘వృత్తం’ కూడా తిరగడాన్ని చెప్పే ఒకే ధాతువులోవి. రెండోసారి చెప్పడం, గుండ్రంగా తిరగడం మన భాషలో పుట్టుకతోనే చుట్టాలు.

మొదటి మెట్టు: చెబుతున్నారా, అడుగుతున్నారా, అరుస్తున్నారా?

ఉత్తరం మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. అడిగే మాటలు మనకు బోలెడు ఉన్నాయి గానీ, వాటి పుట్టుక చూస్తే మూడు గుంపులుగా విడిపోతాయి.

విజ్ఞప్తి, విన్నపం, నివేదన అనేవి నిజానికి ‘తెలియజేయడం’. విజ్ఞాపనం అరిగి విన్నపమైంది. నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు, ఉన్న సంగతి మీ చెవిన వేస్తున్నాను, ఆపైన మీ దయ అనే మర్యాద అందులో ఉంది. అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘అర్జీ’ కూడా దాదాపు ఇంతే: ముందు పెట్టడం, సమర్పించడం. రెండో గుంపు సూటిగా అడుగుతుంది. అభ్యర్థన, ప్రార్థన, పారసీ దరఖాస్తు ఇందులోవి. మూడోది అరుస్తుంది. ఫిర్యాదు అంటే పారసీలో ఆర్తనాదం, కేక. మన ‘మొర’ కూడా అంతే. అందుకే ఫిర్యాదుకు ఎప్పుడూ ఎదుటివాడొకడు ఉంటాడు. అర్జీ దేనికోసమో పెడతాం, ఫిర్యాదు ఎవరి మీదో చేస్తాం. ‘కుళాయి కావాలని ఫిర్యాదు చేశాను’ అంటే చెవికి ఎక్కడో గుచ్చుకునేది అందుకే.

ఇప్పటి వాడుకలో హద్దులు ఇంకొంచెం బిగిశాయి. గళ్ళున్న ఫారం నింపి, ఇచ్చే పద్ధతి ముందే ఖరారై ఉన్నదాన్ని కోరితే దరఖాస్తు: ఉద్యోగం, ధ్రువపత్రం, సీటు. గళ్ళలో ఇమడని గోడు రాసుకుంటే అర్జీ. నలుగురు కలిసి వెళ్ళి చేతికి అందిస్తే వినతిపత్రం. ఊరంతా సంతకాలు పెడితే మహజరు. ఈ చివరి మాట వాడుక తగ్గిపోయింది గానీ, నాకు ఇష్టం. ‘హాజరు’ పుట్టిన ధాతువులోంచే వచ్చింది కాబట్టి, కాగితం మీద అందరూ హాజరైనట్టు అనిపిస్తుంది. ఒక నిర్ణయం వచ్చాక, అది తప్పని పైవారిని ఆశ్రయిస్తే అప్పీలు. న్యాయస్థానం గడప తొక్కితే పిటిషన్, దావా, వ్యాజ్యం.

అనుమానం వచ్చినప్పుడు దిక్కు చూడండి. ‘ప్రజలకు విజ్ఞప్తి’ అనొచ్చు, ‘ప్రయాణికులకు మనవి’ అనొచ్చు. ‘ప్రజలకు అర్జీ’ అని ఎవరూ అనరు. విజ్ఞప్తి, మనవి కిందికీ పైకీ రెండు వైపులా ప్రయాణిస్తాయి. అర్జీ పైకే ఎక్కుతుంది.

ఇక్కడ కాస్త ఆగి ‘అర్థి’ కథ చెప్పాలి. అర్థి అంటే కోరేవాడు. విద్య కోరితే విద్యార్థి, పదవి కోరితే అభ్యర్థి. పాత ధర్మశాస్త్రాల్లో వ్యవహారానికి, అంటే దావాకు, వచ్చినవాడు అర్థి, ఎదురు నిలిచినవాడు ప్రత్యర్థి. ఇప్పుడు ప్రత్యర్థి అంటే ఆటలోనో ఎన్నికలోనో పోటీదారు. లాటిన్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ ‘పెటిటర్’ అంటే దావా వేసినవాడు, పదవికి నిలబడ్డవాడు కూడా. అదే ధాతువుకు ‘కలిసి’ అనే ఉపసర్గ చేరి కాంపిటీటర్ అయ్యాడు. ఒకే వస్తువును ఇద్దరు అడిగితే పోటీ పుడుతుందని రెండు భాషలూ ఎవరికి వారే కనిపెట్టాయి.

ఇంకో చిన్న మర మన చేతిలో ఉంది. అది ‘కొను’. ‘అధికారికి చెప్పాను’ అంటే సమాచారం. ‘అధికారికి చెప్పుకున్నాను’ అంటే గోడు. విన్నవించడం వేరు, విన్నవించుకోవడం వేరు. మొర ఎప్పుడూ ‘పెట్టుకోవడమే’. ఒక ఉత్తరంలో ప్రతి క్రియకూ ఈ ‘కొను’ తగిలిస్తే నడుం వంగిపోతుంది. ఒక్కచోట, అసలు కోరిక దగ్గర, ఉంటే చాలు. ప్రాధేయపడటం, బతిమాలడం, కాళ్ళావేళ్ళా పడటం, దేబిరించడం అనేవి పక్కవాళ్ళు మన గురించి చెప్పే మాటలు. మన గురించి మనం కాగితం మీద రాసుకునేవి కావు. హక్కుగా రావాల్సినదాన్ని అడిగేటప్పుడు మరీనూ.

రెండో మెట్టు: రెండోసారి రాసేటప్పుడు

మొదటి అర్జీకి జవాబు రాలేదు. మళ్ళీ రాయాలి. ఇక్కడే చాలామంది పాత కాగితాన్నే కొత్త తేదీతో పంపుతారు. దాన్నే పునరుక్తి అంటాం: పునః, ఉక్తి, మళ్ళీ అదే మాట.

పక్కనే ఉన్న మాటల్ని దీంతో కలపకండి. పునరుద్ఘాటన అంటే ఇదివరకు చెప్పిన మాట మీదే గట్టిగా నిలబడి ఉన్నానని చాటడం. ఎవరో కాదన్నప్పుడే దానికి విలువ. ఎవరూ ఏమీ అనకుండానే ‘పునరుద్ఘాటించారు’ అని వార్త రాస్తే ఆ మాట వృథా. పునశ్చరణ నేర్చుకున్నది మరిచిపోకుండా మళ్ళీ తిరగేయడం. పునరావృతం మాటకు కాదు, సంఘటనకు చెందుతుంది. తప్పు పునరావృతమవుతుంది, మాట పునరుక్తమవుతుంది. ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెడితే అది పౌనఃపున్యం. భౌతికశాస్త్రం పుస్తకాల పుణ్యమా అని ఈ మాట ఇంకా బతికి ఉంది.

రెండో ఉత్తరంలో కొత్త సంగతి ఒక్కటైనా ఉండాలి. మొదటి ఉత్తరం తేదీ, ఇచ్చిన రసీదు సంఖ్య, ఈలోగా జరిగిన నష్టం, ఏదైనా సరే. శీర్షికలో ‘తిరిగి పునర్విజ్ఞప్తి’ అని రాయకండి. ‘తిరిగి’ ఒకసారి, ‘పునః’ ఇంకోసారి, మీరు రాసింది మాత్రం రెండో ఉత్తరమే. ‘ఫలానా తేదీన ఇచ్చిన అర్జీకి జవాబు కోరుతూ’ అంటే సరిపోతుంది.

అడిగిందే అడగడం దానంతట అది తప్పేమీ కాదు సుమా. బ్రిటన్‌లో చార్టిస్టు ఉద్యమకారులు ఓటు హక్కు కోసం పార్లమెంటుకు 1839లో, 1842లో, 1848లో మూడు మహజర్లు పెట్టారు. రెండోదాని మీదే 30 లక్షలకు పైగా సంతకాలున్నాయి. మూడుసార్లూ తిప్పికొట్టారు. కానీ వాళ్ళు అడిగిన ఆరు కోరికల్లో, ఏటా ఎన్నికలు జరపాలన్నది తప్ప, మిగతా అయిదూ తర్వాతి కాలంలో చట్టమయ్యాయి. చెవినిల్లు కట్టుకుని పోరడం అంటే అదీ. నస అనేదీ పోరు అనేదీ బయటికి ఒకలాగే వినిపిస్తాయి. తేడా ఏమిటంటే, పోరేవాడికి ఏం కావాలో తెలుసు.

మూడో మెట్టు: ఏ పునరుక్తిని ఉంచాలి, ఏది కొట్టెయ్యాలి

ఎక్కడ మాట రెండుసార్లు కనిపించినా ఎర్ర గీత గీసేవాళ్ళున్నారు. తెలుగులో అది కుదరదు. ఒకే మాటను రెండుసార్లు అనడం మన వ్యాకరణంలో పనిముట్టు. చిన్నయసూరి బాలవ్యాకరణం రెండుసార్లు పలికిన మాటలో రెండోదానికి ఆమ్రేడితం అని పేరే పెట్టింది. ‘ఏమి, ఏమి’ కలిస్తే ఏమేమి. అక్కడ రెండో ‘ఏమి’ దండగ కాదు, అది జాబితా కావాలంటోంది. ‘ఎవరు వచ్చారు’ అంటే ఒకరి పేరు చెప్పినా సరిపోతుంది, ‘ఎవరెవరు వచ్చారు’ అంటే సరిపోదు. పగలు పగలు కలిసి పట్టపగలు, చివర చివర కలిసి చిట్టచివర, బయలు బయలు కలిసి బట్టబయలు అయ్యాయి. ‘ఇంటింటికీ’ అంటే ఏ ఇల్లూ వదలకుండా అని. ‘అడగ్గా అడగ్గా’ అంటే ఎంతకాలం పట్టిందో తెలుస్తోంది. చివరికి ‘అర్జీలూ గిర్జీలూ ఏం పెడతావులే’ అన్నప్పుడు ఆ ‘గిర్జీ’కి అర్థం లేదు, అయినా చెప్పేవాడికి అర్జీల మీద ఎంత నమ్మకముందో చెప్పింది అదే.

మరి ఏది దోషం? దీనికి మన పాత తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు చాలా కాలం కిందటే చక్కని గీత గీశాయి. వాదంలో ఓడిపోయినట్టు తేల్చే నిగ్రహస్థానాలు 22 చెప్పారు. వాటిలో పునరుక్తం ఒకటి: మాటను గానీ అర్థాన్ని గానీ మళ్ళీ చెప్పడం. అయితే వెంటనే ఒక మినహాయింపు ఇచ్చారు, ‘అనువాదం తప్ప’ అని. ఇక్కడ అనువాదం అంటే ఇప్పటి తర్జుమా కాదు. ఒక ప్రయోజనం పెట్టుకుని చెప్పినదాన్నే తిరిగి చెప్పడం. ‘త్వరగా త్వరగా వెళ్ళు’ అనడం లాంటిదన్నమాట. రెండో ‘త్వరగా’ వేగం పెంచింది, కాబట్టి అది దోషం కాదు.

మీరు వేసుకోవాల్సిన పరీక్ష అదే. రెండో మాట తీసేసి వాక్యం చదవండి. ఏదైనా తగ్గితే ఉంచండి. ‘ఉభయులిద్దరూ’లో ‘ఇద్దరూ’ తీస్తే ఏమీ తగ్గదు. ‘సకుటుంబ సమేతంగా’లో ‘స’ ఉండగా ‘సమేతం’ ఎందుకు? ‘వింధ్యాచల పర్వతం’లో అచలమే పర్వతం. ‘పాఠశాల తిరిగి పునఃప్రారంభమైంది’ అంటే ఎన్నిసార్లు తెరిచినట్టు? ఇలాంటివన్నీ సంస్కృతం మాటలో అర్థం మసకబారి, పక్కన ఇంకో మాటను ఊతంగా తెచ్చుకోవడం వల్ల పుట్టినవి. శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ చూసినప్పుడు మాత్రం నేను కలం మూసేస్తాను. పిలుపులో ధారాళం ఉంటే ఉండనీ.

విమర్శించే మాటల్లోనూ వాసి చూసుకోండి. చర్వితచర్వణం అంటే నమిలినదాన్నే నమలడం. పిష్టపేషణం అంటే పిండిని మళ్ళీ రుబ్బడం. మొదటిది రుచి పోయిన మాటకు తగుతుంది, రెండోది అయిపోయిన పని మీద పడిన వృథా శ్రమకు. ‘పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ’ అనేది మనిషి మీద వేసే చురక. కాగితం మీద రాస్తే కయ్యమవుతుంది. తమాషా ఏమిటంటే, నెమరువేయడం కూడా నమిలినదాన్ని నమలడమే. దాన్ని మాత్రం మెచ్చుకోలుగా వాడతాం. ఆవు ఒంట పట్టించుకోవడానికి నములుతుంది కదా.

నాలుగో మెట్టు: చుట్టు ఎక్కడుందో పట్టుకోవడం

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. పునరుక్తి కంటికి కనిపిస్తుంది. చక్రకం కనిపించదు, కారణం వేషం వేసుకుని వస్తుంది.

‘ఈ నిర్ణయం మేలైనది, ఎందుకంటే ఇది అందరికీ హితమైనది.’ వినగానే తల ఊపుతాం. హితం అంటే మేలే. ‘ఇది మేలైనది, ఎందుకంటే ఇది మేలైనది’ అని రాసి ఉంటే ఎవరూ ఊపరు. తెలుగులో ఈ గారడీ మరీ సులువు. ఒక్కో భావానికి మనకు తెలుగు మాట ఒకటి, సంస్కృతం మాట ఒకటి, తరచుగా ఉర్దూ మాట ఇంకొకటి ఉన్నాయి. తప్పు, దోషం, కసూరు. ఒకే వాదన మూడు చొక్కాలు మార్చుకుని మూడుసార్లు వచ్చి, ముగ్గురు సాక్షులు చెప్పినట్టు నమ్మిస్తుంది.

విరుగుడు కూడా అక్కడే ఉంది. వాదాన్నంతా అచ్చమైన వాడుక తెలుగులోకి దించండి. ‘హితం’ కొట్టేసి ‘మేలు’ అని, ‘అనివార్యం’ కొట్టేసి ‘తప్పదు’ అని రాయండి. చొక్కాలు తీసేశాక ఇద్దరూ ఒకరేనా అనేది తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్రతి కారణం కింద ‘ఎందుకు?’ అని రాసి, జవాబును కింది వరుసలో పెట్టండి. ఏదో ఒక వరుసలో మొదటి వాక్యమే ప్రత్యక్షమైతే చుట్టు దొరికినట్టే.

దొరికినదానికి సరైన పేరు పెట్టాలి. మన తర్కశాస్త్రంలో ఆ పేర్లు భేషుగ్గా ఉన్నాయి. తనకు తానే ఆధారమైతే ఆత్మాశ్రయం, పైన చెప్పిన మేలు-హితం లాంటిది. రెండు ఒకదాన్నొకటి పట్టుకు వేలాడితే అన్యోన్యాశ్రయం. దీనికి మన సామెతను మించిన వివరణ లేదు: పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. మూడో అంతకంటే ఎక్కువో మజిలీలు తిరిగి మొదటికి వస్తే చక్రకం. ‘ఆయన మాట నమ్మాలి. ఎందుకు? పెద్దలు మెచ్చినవాడు. వాళ్ళు పెద్దలని ఎలా తెలుసు? ఫలానా పత్రికలో రాశారు. ఆ పత్రికను ఎందుకు నమ్మాలి? ఆయనే నమ్మొచ్చన్నాడు.’ అసలు వెనక్కే రాకుండా కారణానికి కారణం, దానికి మరో కారణం అంటూ పోతే అనవస్థ. జామీనుదారుకు జామీను, ఆ జామీనుకు ఇంకో జామీను అడిగినట్టు. ‘అవస్థ’కు వ్యతిరేకం అనుకుని దీన్ని సుఖం అనే అర్థంలో వాడినవాళ్ళను చూశాను.

ఒక హెచ్చరిక. సాహిత్య విమర్శలో ‘ఆత్మాశ్రయం’ అంటే కవి తన అనుభూతిని తాను చెప్పుకోవడం, వస్త్వాశ్రయానికి ఎదురుమాట. తర్కంలో అది దోషం, కవిత్వంలో అది ఒక తీరు. ఎవరి ముందు మాట్లాడుతున్నారో చూసుకుని వాడండి. అలాగే డొంకతిరుగుడును చక్రకంతో కలపొద్దు. డొంకతిరుగుడు మాట్లాడేవాడు ఎంత తిరిగినా ఎక్కడికో అక్కడికి చేరతాడు, సూటి దారిన పోలేదంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడిదీ చక్రకం కాదు. వాడు కారణమే చెప్పడు. ఇక విత్తు ముందా చెట్టు ముందా అనేది? బీజాంకుర న్యాయాన్ని పెద్దలు దోషంగా లెక్కపెట్టలేదు. ఈ విత్తనాన్ని కన్న చెట్టు, ఈ విత్తనంలోంచి రాబోయే చెట్టు ఒకటి కావు. చుట్టు కాదది, వరుస.

నిరూపించాల్సినది ఎంత సందేహమో దానికి చూపిన కారణమూ అంతే సందేహమైతే, దాన్ని సాధ్యసమం అన్నారు. న్యాయసూత్రాల్లోని అయిదు హేత్వాభాసాల్లో, అంటే కారణంలా కనిపించే తప్పుడు కారణాల్లో, అదొకటి. గ్రీకుల దగ్గర అరిస్టాటిల్ చెప్పినదానికి ఇది చాలా దగ్గర. ఆ రోజుల వాద పోటీలో ఒకడు ప్రశ్నలు వేస్తూ, ‘ఇది ఒప్పుకుంటావా, అది ఒప్పుకుంటావా’ అని ఎదుటివాడి నుంచి ఒక్కో ఒప్పుదల అడిగి పుచ్చుకునేవాడు. వాటితోనే తన వాదం కట్టాలి. అలాంటిచోట తేలాల్సిన సంగతినే ‘ఒప్పుకో’ అని అడిగేస్తే? అదే తప్పు. మొదట చెప్పిన లాటిన్ పేరు ‘పెటీషియో ప్రిన్సిపియి’ అరిస్టాటిల్ మాటకు తర్జుమా, 16వ శతాబ్దిలో ఇంగ్లీషువాళ్ళు ‘బెగ్గింగ్ ద క్వశ్చన్’ అన్నది ఆ లాటిన్‌కు తర్జుమా. ఇప్పుడు ఇంగ్లీషు పత్రికల్లో అది చాలావరకు ‘ఒక ప్రశ్న తలెత్తుతోంది’ అనే అర్థంలోకి జారిపోయింది. కొత్తలో నేనూ ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘ప్రశ్నను యాచిస్తోంది’ అని రాసి పడేశాను. అచ్చయ్యాక చదివితే నాకే అర్థం కాలేదు. ఇంగ్లీషు వాక్యం తర్వాత నిజంగానే ప్రశ్న ఉంటే ‘అయితే ఇక్కడ అడగాల్సింది’ అని, వాదంలో లోపాన్ని ఎత్తిచూపుతుంటే ‘తేల్చాల్సినదాన్నే ఆధారంగా తీసుకున్నారు’ అని రాస్తే చాలు.

అయిదో మెట్టు: ఒక అర్జీని బాగుచేద్దాం

ఒక ముసాయిదా చూడండి. ‘అయ్యా, నాకు బదిలీ అత్యవసరం కనుక వెంటనే బదిలీ చేయవలసిందిగా సవినయంగా విన్నవించుకుంటూ ప్రార్థిస్తున్నాను. ఈ బదిలీ తక్షణం జరగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నందున తమరు దయతలచి నా విన్నపాన్ని మన్నించగలరని మనవి.’

విన్నవించుకోవడం, ప్రార్థించడం, విన్నపం, మనవి: నాలుగుసార్లు అడిగాడు. అత్యవసరం, వెంటనే, తక్షణం, ఆవశ్యకత: ఒకే మాట నాలుగు వేషాల్లో వచ్చింది. బదిలీ ఎందుకంటే అవసరం కాబట్టి, అవసరం ఎందుకంటే బదిలీ జరగాలి కాబట్టి. చదివే అధికారికి చేతికి దొరికేది ఏమీ లేదు.

ఇలా మారుద్దాం. ‘అయ్యా, మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. ఇంట్లో ఆమెను తీసుకెళ్ళగలిగినది నేనొక్కడినే. ఇప్పుడున్న చోటి నుంచి వెళ్ళిరావడానికి ఒక రోజు పడుతోంది. ఆసుపత్రి ఉన్న ఊరికి బదిలీ చేయవలసిందిగా కోరుతున్నాను. వైద్యుల పత్రాలు జతచేశాను.’ అడిగింది ఒక్కసారే. అవసరం అన్న మాటే లేదు, అవసరం మాత్రం తెలుస్తోంది. ‘వెంటనే’ అని రాయనక్కర్లేదు, వారానికి మూడుసార్లు అన్నాక చదివేవాళ్ళే లెక్క వేసుకుంటారు.

కొన్ని చుట్లు మన వాక్యంలో ఉండవు, నిబంధనలో ఉంటాయి. ఒకసారి నా పత్రమొకటి పోయింది. నకలు కోసం ఒక కార్యాలయానికి వెళితే దరఖాస్తు ఫారం ఇచ్చారు. జతచేయవలసినవి అనే చోట మొదటి పంక్తి: ‘అసలు పత్రం’. అసలుంటే నకలెందుకండీ అన్నాను. ఫారంలో ఉంది కదండీ అన్నారు. ఫారంలో ఎందుకుందంటే, జతచేయాలి కాబట్టి అన్నారు. ఆత్మాశ్రయమో అన్యోన్యాశ్రయమో అక్కడ తేల్చుకునే ఓపిక లేక, ‘అసలు పోయినందున జతచేయలేదు’ అని ఆ పంక్తి పక్కనే రాసి, సంతకం పెట్టి, రసీదు తీసుకున్నాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ కార్యాలయం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను.